ల్యాప్ స్టీల్ మీద తీగ లాగాలంటే: వేలికంటే ముందు సరిచేసుకోవాల్సినవి

కార్డ్, అంటే కలిసి పలికే కొన్ని స్వరాలు, మోగుతూ ఉంటుంది. అందులో రెండు స్వరాలు ఉన్నచోటే ఉంటాయి. మూడోది మాత్రం మెల్లగా పైకి జరిగి ఇంకో స్వరం మీద ఆగుతుంది. తీగల మీద ఆనించిన బార్ (ఇనుప ముక్క) అంగుళం కూడా కదలలేదు, కానీ కార్డ్ మారిపోయింది. అమెరికన్ కంట్రీ సంగీతంలో మనసును పట్టి లాగే ధ్వని ఇదే. పెడల్ స్టీల్ (పెడల్స్ ఉన్న స్టీల్ గిటార్) వాయించేవాళ్లు దీన్ని కాలితో పెడల్ నొక్కి తెప్పిస్తారు. ఒళ్లో పడుకోబెట్టి వాయించే, పెడల్ లేని ల్యాప్ స్టీల్ గిటార్ మీద కూడా ఇది వస్తుంది. బార్ పట్టుకున్న చేతి ఉంగరపు వేలితో, బార్ వెనకవైపున, అంటే మీటే చేతికి అవతలి వైపున ఉన్న తీగను లాగాలి.

చెప్పినంత తేలిగ్గా ఇది రాదు. కొత్తగా ప్రయత్నించేవాళ్లకు తీగ కదలదు. కదిలినా కావలసిన స్వరం దాకా రాదు. వచ్చినా వదిలేశాక శ్రుతి తప్పుతుంది. ఈలోగా పక్క తీగ కూడా కదిలిపోతుంది. వేళ్లలో బలం లేదనుకుని నెలల తరబడి సాధన చేస్తారు. నా అభిప్రాయంలో ఈ కష్టాల్లో చాలావరకు వేలికి సంబంధం లేదు. ఏ తీగ, ఎంత మందం, నట్ (మెడ చివర తీగలు ఆనే గాట్ల పట్టీ) ఎలా ఉంది, బార్ ఎంత నున్నగా ఉంది, ఇవే ముందు తేల్చుకోవాలి. వేలి పని ఆ తర్వాత మొదలవుతుంది.

ఈ వాద్యం హవాయి నుంచి వచ్చింది. గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తీగల మీద ఇనుప ముక్క జరుపుతూ వాయించే పద్ధతికి 19వ శతాబ్దం చివర్లో ఒక రూపం ఇచ్చినవాడిగా ఒఆహు దీవికి చెందిన జోసెఫ్ కెకుకు పేరు చెబుతారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తర్వాత అమెరికాలో హవాయి సంగీతానికి గిరాకీ పెరిగింది. ఆ గాలి కలకత్తా, బొంబాయిల దాకా వచ్చింది, మనవాళ్లు దీన్ని హవాయియన్ గిటార్ అన్నారు. అమెరికాలో పాల్ బిగ్స్‌బీ 1948లో స్టీల్ గిటార్ వాద్యకారుడు స్పీడీ వెస్ట్ కోసం పెడల్స్ ఉన్న స్టీల్ గిటార్ తయారుచేశాడు. అప్పటికి పెడల్‌ను ఎక్కువగా ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు వెళ్లడానికే వాడేవాళ్లు. 1954లో వచ్చిన గాయకుడు వెబ్ పియర్స్ రికార్డు ఒకదానిలో బడ్ ఐజాక్స్, తీగ మోగుతుండగానే పెడల్ నొక్కి స్వరాన్ని జరిపి వినిపించాడు. అక్కడి నుంచి అందరి చెవులూ ఆ ధ్వని మీదే. జెర్రీ బర్డ్ లాంటి ఉద్దండులు పెడల్ జోలికి పోలేదు, బార్‌ను ఏటవాలుగా తిప్పే పద్ధతితోనే గొప్ప సంగీతం ఇచ్చారు. కొందరు మాత్రం ఆ పెడల్ ధ్వనిని వేలితో రాబట్టే దారి పట్టారు.

మన సంగీతం విన్నవాళ్లకు ఇందులో తేడా వెంటనే తెలుస్తుంది. వీణ మీద గమకం కోసం మెట్టు మీద తీగను పక్కకు లాగుతారు. గోటువాద్యానికి మెట్లు లేవు కాబట్టి కొయ్యముక్కను తీగ మీద జరిపి గమకం పలికిస్తారు. హిందుస్థానీ సంగీతాన్ని స్లైడ్ గిటార్ మీదికి తెచ్చిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా చేసిందీ గోటువాద్యం పద్ధతిలోనే, బార్ జరపడమే. రాగం ఒక్క తీగ మీద నడుస్తుంది కాబట్టి అక్కడ జరపడం సరిపోతుంది. కార్డ్ దగ్గరికి వస్తే కుదరదు, ఎందుకంటే బార్ జరిపితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసి జరుగుతాయి. మిగతావి ఆగి ఒక్కటే కదలాలంటే ఆ ఒక్క తీగ బిగువును విడిగా మార్చాలి. గోటువాద్యం లాంటి వాద్యం మీద వీణ పని చేయించడం అన్నమాట. మామూలు ల్యాప్ స్టీల్‌ను ఆ పని కోసం తయారుచేయలేదు. అందుకే అమరిక గురించి ఇంత చెప్పాల్సి వస్తోంది.

ముందుగా ఏ తీగను లాగాలో తేల్చుకోవాలి. ఇది ట్యూనింగ్‌ను బట్టి ఉంటుంది. ఓపెన్ ఇ ట్యూనింగ్‌లో, అంటే తీగలన్నీ కలిపి మీటితే ఇ మేజర్ కార్డ్ పలికే అమరికలో, సన్న తీగ నుంచి లావు తీగ వైపు ఇ, బి, జి షార్ప్, ఇ, బి, ఇ ఉంటాయి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). ఇందులో మూడో తీగ జి షార్ప్‌ను అర స్వరం (ఒక మెట్టు దూరం) లాగితే ఏ అవుతుంది. రెండో తీగ బిని ఒక స్వరం (రెండు మెట్ల దూరం) లాగితే సి షార్ప్ అవుతుంది. రెండూ కలిస్తే, మొదటి తీగ ఇతో కలిపి ఏ మేజర్ కార్డ్ తయారవుతుంది. అంటే బార్ కదలకుండానే ఒకటో కార్డ్ (ఇ) నుంచి నాలుగో కార్డ్ (ఏ)కు వెళ్లాం. పెడల్ స్టీల్ వాళ్లు ఇ9 ట్యూనింగ్‌లో మొదటి రెండు పెడల్స్‌తో చేసేది సరిగ్గా ఇదే. సి6 ట్యూనింగ్‌లో (సి, ఇ, జి, ఏ స్వరాలు) లెక్క వేరు. అక్కడ ఏ తీగను అర స్వరం లాగితే బి ఫ్లాట్ వస్తుంది, సి6 కార్డ్ సి7 అవుతుంది. ఒక స్వరం లాగితే సి మేజర్ 7. ఈ పని కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఓపెన్ ఇ గానీ, దానికి ఒక స్వరం కింద ఉండే ఓపెన్ డి గానీ చెబుతాను. లాగాల్సిన తీగలు పక్కపక్కనే ఉంటాయి, ఫలితం వెంటనే వినిపిస్తుంది. మామూలు గిటార్‌ను మార్చి వాడుతుంటే ఓపెన్ డి మేలు, మెడ మీద భారం తక్కువ.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. తీగ ఎంత సాగితే స్వరం ఎంత పెరుగుతుంది?

తీగ పలికే శ్రుతి దాని టెన్షన్ (బిగువు) వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఒక స్వరం పైకి వెళ్లాలంటే టెన్షన్ సుమారు 26 శాతం పెరగాలి, అర స్వరానికి 12 శాతం. ఆ టెన్షన్ తీగను సాగదీస్తేనే వస్తుంది. చాలామంది సన్న తీగ వేస్తే తక్కువ లాగితే సరిపోతుందని అనుకుంటారు. లెక్క చూస్తే అలా లేదు. చుట్టు లేని (పైన ఇంకో తీగ చుట్టని) ఉక్కు తీగల్లో, అదే పొడవు, అదే శ్రుతి ఉంటే, మందం ఎంతైనా సాగాల్సిన దూరం ఒక్కటే. మందం పెరిగితే బరువు పెరుగుతుంది, దానికి తగ్గట్టు టెన్షనూ పెరుగుతుంది, ఆ టెన్షన్ మోసే ఉక్కు కూడా అంతే పెరుగుతుంది. మూడూ ఒకదానికొకటి సరిపోతాయి. మందం వల్ల మారేది వేలికి కావలసిన బలం మాత్రమే. లాగడం కష్టంగా ఉంటే గేజ్ (తీగ మందం) తగ్గించండి, అది సరైన మందు. స్వరం అందడం లేదనే కంప్లయింట్‌కు మాత్రం గేజ్ తగ్గించడం మందు కాదు.

దూరాన్ని నిర్ణయించేది శ్రుతి. ల్యాప్ స్టీల్‌కు మామూలుగా ఉండే 22.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే భాగం పొడవు) తీసుకుందాం. నట్ అవతలా, బ్రిడ్జి (తీగలు రెండో కొసన ఆనే చోటు) అవతలా ఉన్న ముక్కల్ని కలిపి తీగ మొత్తం పొడవు 65 సెంటీమీటర్లు అనుకుందాం. ఓపెన్ ఇలో మూడో తీగ అర స్వరం పెరగడానికి సుమారు 0.18 మిల్లీమీటర్లు సాగితే చాలు. రెండో తీగ ఒక స్వరానికి 0.53 మిల్లీమీటర్లు సాగాలి. మొదటి తీగను ఒక స్వరం లాగాలంటే 0.94 మిల్లీమీటర్లు కావాలి, రెండో తీగకు ఇంచుమించు రెట్టింపు. అందుకే మొదటి తీగతో మొదలుపెట్టినవాళ్లు తొందరగా విసిగిపోతారు. మూడో తీగతో మొదలుపెట్టి రెండోదానికి వెళ్లడం సరైన వరస.

చుట్టు తీగల సంగతి వేరు. పై చుట్టు బరువు పెంచుతుంది గానీ బిగువు మోయదు, మోసేదంతా లోపలి సన్న తీగే. దాని మీద ఒత్తిడి అప్పటికే ఎక్కువ కాబట్టి, అదే శాతం పెరగాలంటే ఇంకా ఎక్కువ సాగాలి. చుట్టు లేని తీగతో పోలిస్తే రెండు మూడు రెట్లు కావచ్చు. కాబట్టి మూడో తీగ తప్పనిసరిగా చుట్టు లేనిదే వేయాలి. షాపులో ఆరు తీగల సెట్ కొనేటప్పుడు దీన్నొక్కటి చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని సెట్లలో మూడోది చుట్టు తీగగా ఉంటుంది. ఓపెన్ ఇకి మొదటి తీగ 14 గేజ్, రెండోది 17, మూడోది చుట్టు లేని 20 దగ్గర్లో మొదలుపెట్టవచ్చు. గేజ్ అంకెలంటే అంగుళంలో వెయ్యో వంతులు. వీటికంటే బాగా సన్నగా వెళ్తే వేలికి సుఖమే, కానీ బార్ బరువు కింద తీగ కుంగిపోయి ధ్వని పలచబడుతుంది, బార్ కొంచెం గట్టిగా నొక్కినా శ్రుతి పెరుగుతుంది. ఇక్కడ మెట్టు మీద వేలితో నొక్కే పని లేదు కాబట్టి కొంచెం లావు తీగలే నయం.

స్కేల్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. పొడవు పెరిగితే అదే శ్రుతికి ఉక్కు మీద ఒత్తిడి పొడవు వర్గం చొప్పున పెరుగుతుంది. పెడల్ స్టీల్‌కు తరచుగా ఉండే 24 అంగుళాల స్కేల్ మీద ఇ9 ట్యూనింగ్‌లోని పై జి షార్ప్ తీగ, 11 గేజ్‌ది, ఉక్కు తట్టుకోగల హద్దుకు దగ్గర్లోనే శ్రుతి అవుతుంది. ఆ వాద్యం మీద అందరికంటే ముందు తెగేది అదే. ల్యాప్ స్టీల్‌కు పొట్టి స్కేల్ ఉండటం ఈ పనికి కలిసొచ్చిన విషయం. హెడ్‌స్టాక్ (మెడ చివరి తల భాగం) పొడవుగా ఉండి, తీగ నట్ దాటి చాలా దూరం వెళ్లి ట్యూనర్‌కు (తీగ చుట్టే బిరడకు) చేరుతుంటే మాత్రం ఆ అదనపు ముక్క కూడా సాగుతుంది. మోగే భాగానికి అందాల్సిన బిగువులో కొంత అక్కడ పోతుంది, వేలు ఇంకాస్త లాగాల్సి వస్తుంది.

ఇక వేలు కదిలే దూరం. తీగ సాగాల్సింది అర మిల్లీమీటరే అయినా వేలు అంతే కదిలితే సరిపోదు, ఎందుకంటే మనం తీగను దాని పొడవు దిశలో లాగడం లేదు, అడ్డంగా లాగుతున్నాం. బార్ 5వ ఫ్రెట్ (మెట్టు) గీత మీద, వేలు దానికి 4 సెంటీమీటర్లు వెనక ఉంటే, మూడో తీగను అర స్వరం పెంచడానికి వేలు సుమారు 3 మిల్లీమీటర్లు కదలాలి. రెండో తీగకు ఒక స్వరం కావాలంటే 5.5 మిల్లీమీటర్లు. మొదటి తీగకైతే 7.4. బార్ 12వ ఫ్రెట్‌కు వెళ్లినా సాగాల్సింది అంతే, వేలి దూరం కూడా పెద్దగా మారదు, రెండో తీగకు 6 మిల్లీమీటర్లు అవుతుంది. 2వ ఫ్రెట్ కింద మాత్రం ఈ పని మర్చిపోవాలి, బార్‌కూ నట్‌కూ మధ్య వేలు పట్టే చోటే ఉండదు.

ఇందులో అందరికీ దెబ్బ తగిలేది ఒక చోట ఉంది. అడ్డంగా లాగినప్పుడు సాగుదల దూరానికి వర్గంలో పెరుగుతుంది. సగం దూరం లాగితే సగం స్వరం రాదు, పావు వంతే వస్తుంది. రెండో తీగను 5.5 మిల్లీమీటర్లలో మొదటి 2.75 లాగేసరికి స్వరం సుమారు 50 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) మాత్రమే పెరుగుతుంది. మిగతా 150 సెంట్లు రెండో సగంలో దూసుకొస్తాయి. చివర్లో వేలు ఇంకో అర మిల్లీమీటరు ఎక్కువ పోతే 30 సెంట్ల పైన హెచ్చు పలుకుతుంది, అంటే వినేవాడెవడికైనా తెలిసిపోయే అపస్వరం. ముందు ఏమీ జరగనట్టు ఉండి తర్వాత ఒక్కసారిగా ఎక్కిపోతోందని కొత్తవాళ్లు అనేది ఇందుకే. దీనికి మందు, తీగ మోగించక ముందే వేలు దాన్ని పట్టుకుని వదులు లేకుండా ఆనించి ఉంచడం. సాధనలో శ్రద్ధ పెట్టాల్సింది ఆ చివరి రెండు మిల్లీమీటర్ల మీద.

వేలిని బార్‌కు మరీ దగ్గరగా పెడితే దూరం తగ్గుతుంది, కానీ కోణం నిటారుగా ఉండి బలం ఎక్కువ కావాలి. దూరంగా పెడితే బలం తక్కువ, దూరం ఎక్కువ. చెయ్యి సైజును బట్టి 3 నుంచి 5 సెంటీమీటర్ల మధ్య ఎవరిది వాళ్లు వెతుక్కోవచ్చు, కానీ ఒకసారి కుదిరాక మార్చకూడదు.

లాగే దిశ కూడా ముఖ్యమే. వాద్యం ఒళ్లో ఉన్నప్పుడు లావు తీగ మన పొట్ట వైపు, సన్న తీగ మోకాళ్ల వైపు ఉంటాయి. రెండో తీగను మనవైపు లాగితే అది మూడో తీగ మీదికి వస్తుంది. తీగల మధ్య ఖాళీ సుమారు 9, 10 మిల్లీమీటర్లు, లాగాల్సింది 5.5, దానికి వేలి మందం తోడవుతుంది. ఇంకేముంది, మూడో తీగనూ నెట్టేస్తాం, అదీ శ్రుతి పెరిగి కూర్చుంటుంది. కాబట్టి వేలికొనను తీగ కిందికి దూర్చి, కొంచెం పైకి, కొంచెం మనవైపు ఐమూలగా ఎత్తాలి. ఇలా చేయాలంటే తీగల కింద వేలు దూరేంత ఎత్తు ఉండాలి. ల్యాప్ స్టీల్‌కు ఉండే 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తు ఇందుకు సరిపోతుంది. మరీ దించి పెట్టిన వాద్యం మీద ఈ పని కుదరదు.

నట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు అక్కడే. మామూలు గిటార్‌లో తీగల అడుగు భాగాలు ఫ్రెట్లకు సరిగ్గా ఉండేలా గాట్లు కోస్తారు. ల్యాప్ స్టీల్‌లో తీగల పై భాగాలు ఒకే మట్టంలో ఉండాలి, బార్ వాటి మీదే నడుస్తుంది కాబట్టి. లావు తీగ గాటు లోతుగా, సన్న తీగది పైపైన ఉంటుంది. ఫలితంగా మనం లాగాల్సిన సన్న తీగలే లోతు తక్కువ గాట్లలో కూర్చుంటాయి. పక్కకు లాగగానే అవి గాటు దాటి బయటికి దూకే ప్రమాదం ఉంది. సన్న తీగల గాట్లు కనీసం తీగ మందమంత లోతైనా ఉండాలి. నట్ వెనక తీగ ట్యూనర్ వైపు దిగే వాలు కూడా చూడాలి. 3వ ఫ్రెట్ దగ్గర మొదటి తీగను ఎత్తినప్పుడు నట్ వద్ద తీగ సుమారు 7 డిగ్రీలు పైకి లేస్తుంది. వెనక వాలు అంతకంటే తక్కువ ఉంటే తీగ గాటులోంచి లేచిపోయి గరగరమంటుంది. వాలు మరీ ఎక్కువైతే ఇంకో తంటా, గాటు తీగను బిగించి పట్టేస్తుంది. నట్ అవతల ఏటవాలుగా ఓ 10 డిగ్రీలు ఉంటే ఎటూ ఇబ్బంది లేదు.

మామూలు గిటార్ మీద ఎక్స్‌టెన్షన్ నట్ (తీగలను ఎత్తులో నిలిపే తొడుగు) తొడిగి ల్యాప్ స్టీల్‌గా వాడేవాళ్లు మన దగ్గర ఎక్కువ, అసలైన ల్యాప్ స్టీల్ దొరకడం కష్టం కాబట్టి. ఆ తొడుగు పాత నట్ మీద కేవలం తీగల ఒత్తిడితో నిలబడుతుంది. ఒక తీగను పక్కకు లాగితే తొడుగే కాస్త జరిగి, ఆరు తీగలూ ఒకేసారి శ్రుతి తప్పవచ్చు. తొడుగుకూ పాత నట్‌కూ మధ్య ఖాళీ లేకుండా చిన్న అట్టముక్క పెట్టి బిగించుకోవాలి. ట్రెమొలో (బ్రిడ్జిని కదిపి స్వరాన్ని వణికించే మీట) ఉన్న గిటార్ అయితే బ్రిడ్జిని కదలకుండా కట్టేయాలి. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జి ఒక తీగ బిగియగానే ముందుకు వంగుతుంది, మిగతా అన్ని తీగలూ దిగిపోతాయి. పెడల్ స్టీల్ మీద కూడా పెడల్ నొక్కినప్పుడు చట్రం వంగి మిగతా తీగలు కాస్త దిగడం తెలిసిన సమస్యే. గట్టి చెక్కతో చేసిన ల్యాప్ స్టీల్ మీద అది పట్టించుకోనంత తక్కువ.

లాగి వదిలాక శ్రుతి తప్పుతుందని అంటారే, దాని మూలం ఎక్కడుందో వాద్యమే చెబుతుంది. వేలు లాగినప్పుడు తీగ రెండు వైపుల నుంచి కొంచెం కొంచెం లోపలికి జారుతుంది, నట్ మీదుగా ట్యూనర్ వైపు నుంచి, బార్ కిందుగా బ్రిడ్జి వైపు నుంచి. వదిలినప్పుడు రెండూ వెనక్కి పోవాలి. నట్ గాటు పట్టేస్తే అటు నుంచి వచ్చిన తీగ వెనక్కి పోదు, మోగే భాగంలో వదులు మిగిలి స్వరం తగ్గుతుంది. బార్ కింద రాపిడి ఎక్కువైతే బ్రిడ్జి వైపు బిగువు అలాగే నిలిచిపోయి స్వరం కాస్త హెచ్చుగా ఉంటుంది. కాబట్టి ఒక తీగను లాగి వదిలి, బార్ తియ్యకుండా శ్రుతి మీటర్ చూడండి. తర్వాత బార్ ఎత్తి మళ్లీ మీటి చూడండి. బార్ ఉన్నప్పుడు హెచ్చుగా ఉండి, ఎత్తగానే సరిపోతే తప్పు బార్‌ది. బార్ ఎత్తినా తగ్గే ఉంటే నట్, బ్రిడ్జి సాడిల్, ట్యూనర్ చుట్లలో ఏదో ఒకటి. అప్పుడు నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉన్న తీగ ముక్కను వేలితో ఒకసారి నొక్కి వదిలితే, స్వరం తిరిగి పైకి వచ్చిందా, నట్ దొరికిపోయినట్టే. గాటులో పెన్సిల్ లెడ్ రుద్దితే చాలాసార్లు తీరుతుంది. తీరకపోతే గాటు తీగకంటే ఇరుకుగా ఉందని అర్థం, సన్న ఆకురాయితో వెడల్పు చేయించుకోవాలి. ట్యూనర్ మీద రెండు మూడు చుట్లకు మించి వద్దు. కొత్త తీగలు వేశాక ప్రతి తీగనూ చేత్తో బాగా సాగదీసి, మళ్లీ శ్రుతి చేసి, ఇక దిగడం లేదు అనేదాకా అదే పని చేయాలి. ఈ ఒక్క పని వదిలేసి వాద్యాన్ని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

బార్ నున్నగా, మెరుగు పెట్టినట్టు ఉండాలి. గీతలు పడ్డ బార్ తీగను ఆకురాయిలా గీకుతుంది, పైగా తీగ జారనివ్వదు. ఆకారం విషయానికొస్తే, పెడల్ స్టీల్ వాళ్లు వాడే గుండ్రటి లావు బార్ ధ్వనికి బాగుంటుంది గానీ చిన్న చేతులకు దాన్ని పట్టుకోవడానికే మూడు వేళ్లూ సరిపోతాయి. పక్కల గాడి ఉండే స్టీవెన్స్ రకం బార్ బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలి మధ్య గట్టిగా నిలుస్తుంది, ఉంగరపు వేలు పూర్తిగా ఖాళీ అవుతుంది. తీగ లాగడమే మీ లక్ష్యమైతే నేను రెండోదానికే ఓటు వేస్తాను. తీగను వెనక నుంచి పైకి ఎత్తినప్పుడు అది బార్‌ను కూడా పైకి నెడుతుంది. ఆ క్షణంలో బార్ తేలిపోకుండా కాస్త నొక్కి పట్టాలి. ఎక్కువ నొక్కితే మిగతా తీగలు హెచ్చుతాయి కాబట్టి ఇక్కడ కొలత చేతికే అలవాటు కావాలి.

ఉంగరపు వేలికి మామూలుగా ఇంకో ఉద్యోగం ఉంది. బార్ వెనక తీగల మీద ఆని, అక్కడి మోతను ఆపుతుంది. దాన్ని లాగే పనికి తీసుకుపోతే బార్ వెనక భాగాలు కూడా మోగడం మొదలుపెడతాయి. 12వ ఫ్రెట్ మీద రెండు వైపులా పొడవు సమానం కాబట్టి ఆ మోత కలిసిపోతుంది, మిగతా చోట్ల సంబంధం లేని స్వరంలా వినిపిస్తుంది. ఆ బాధ్యత చిటికెన వేలికి అప్పగించాలి. ఉంగరపు వేలు ఒక తీగను ఎత్తుతుండగా చిటికెన వేలు మిగతావాటి మీద తేలిగ్గా వాలి ఉండాలి. ఇది అలవాటు కావడానికి లాగడం కంటే ఎక్కువ రోజులు పడుతుంది.

మొదట చెప్పిన నాలుగో కార్డ్ కోసం రెండు తీగలనూ ఒకేసారి లాగవచ్చా? ఒక్క వేలితో కుదరదు. మూడో తీగకు 3 మిల్లీమీటర్లు, రెండోదానికి 5.5 కావాలి. రెండింటినీ ఒకే వేలితో 5.5 లాగితే మూడోది కావలసినదానికి మూడు రెట్లు సాగి ఎక్కడికో పోతుంది. రెండు వేళ్లతో విడివిడిగా చేసేవాళ్లున్నారు, కానీ బార్ అదుపు తప్పకుండా చేయడం కష్టం. ఇలాంటి చోటే మీటలు పనికొస్తాయి. 1960ల చివర్లో క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ అనే సంగీతకారులు కలిసి మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో బి తీగను సి షార్ప్‌కు ఎత్తే యంత్రం బిగించారు, గిటార్ పట్టీని లాగితే అది పనిచేస్తుంది. ల్యాప్ స్టీల్‌కు కూడా బ్రిడ్జి దగ్గర అరచేతితో నొక్కే మీటలు దొరుకుతాయి. డ్యూసెన్‌బెర్గ్ కంపెనీ తన ల్యాప్ స్టీల్‌ను వాటితోనే ఇస్తుంది. మీటకు ఎక్కడ ఆగాలో మరతో బిగించుకోవచ్చు, ప్రతిసారీ అదే స్వరం వస్తుంది. వేలితో లాగితే ఆ కచ్చితత్వం ఉండదు, కానీ స్వరం చేరే దారిలో వేగం, తడబాటు, చివరి చిన్న వణుకు అన్నీ మన చేతిలో ఉంటాయి. నాకైతే ఆ దారే ఇష్టం. మూడో తీగ లేదా రెండో తీగ, ఒకసారికి ఒకటే లాగుతూ కూడా ఎంతో సంగీతం చేయవచ్చు.

ఇక ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్న. శ్రుతి మీటర్ ముల్లు చూసి ఆపితే కార్డ్ కొంచెం గరుకుగా వినిపిస్తుంది. ముల్లు చెప్పేది సమాన విభజన లెక్క, అందులో ఒక స్వరం 200 సెంట్లు, అర స్వరం 100. కార్డ్‌లో స్వరాలు చెవికి కలిసిపోవాలంటే జి షార్ప్‌ను ముల్లు కంటే 14 సెంట్లు దించి శ్రుతి చేస్తారు, స్టీల్ గిటార్ వాళ్లలో ఇది మామూలే. అప్పుడు దాన్ని ఏ దాకా లాగాల్సింది 112 సెంట్లు, అంటే అర స్వరం కంటే ఎక్కువ. బి నుంచి సి షార్ప్‌కు మాత్రం 182 సెంట్లే, ఒక స్వరం కంటే తక్కువ, ఎందుకంటే కొత్త కార్డ్‌లో సి షార్ప్ గాంధారం స్థానంలో కూర్చుంటుంది. ముల్లు చెప్పిన 200 దాకా లాగితే అది 16 సెంట్లకు పైగా ఎక్కువే పలుకుతుంది. రెండో తీగ మీద ఆ తేడా దాదాపు పావు మిల్లీమీటరు వేలి కదలిక. చెవి తప్ప దాన్ని పట్టేది ఏదీ లేదు.

చెవికి కొలబద్ద వాద్యంలోనే దొరుకుతుంది. ఓపెన్ ఇలో బార్‌ను ముందు 10వ ఫ్రెట్ మీద పెట్టి మొదటి మూడు తీగలు మీటండి, డి మేజర్ వస్తుంది. అందులో మూడో తీగ పలికే ఎఫ్ షార్ప్‌ను గుర్తుపెట్టుకోండి. తర్వాత 5వ ఫ్రెట్‌కు వచ్చి రెండో తీగను ఒక స్వరం లాగండి, అక్కడ అందాల్సింది అదే ఎఫ్ షార్ప్, అదే స్థాయిలో. మూడో తీగకైతే, 10వ ఫ్రెట్ మీద నాలుగో తీగ పలికే డిని విని, 5వ ఫ్రెట్ మీద మూడో తీగను అర స్వరం లాగి దాన్ని చేరుకోండి. రెండు చోట్లా లాగని మొదటి తీగను కూడా కలిపి మోగిస్తూ ఉండండి, లాగిన స్వరం దానితో కలిసినప్పుడు మోతలోని అలలు ఆగిపోయి ధ్వని నిలకడగా నిలుస్తుంది. ఆ చోట వేలు ఎంత ఎత్తులో ఉందో చూసుకుని, బార్‌ను 7వ ఫ్రెట్‌కూ 12వ ఫ్రెట్‌కూ జరిపి అదే పని మళ్లీ చేయండి.